కర్ర ముందు చెప్పలేని మాట

శాన్ హసింతో ఊళ్ళో తోపిల్ కర్ర, అంటే ఊరి కావలివాడి కర్ర, చేతికి వచ్చిందంటే ఏడాదిపాటు ఊరికి ఉత్తపుణ్యానికి ఊడిగం చెయ్యడమే. తాగి పడినవాణ్ణి ఇంటికి చేర్చాలి, తాడు తెంపుకున్న గాడిదను తెచ్చి కట్టెయ్యాలి, సభకు రానివాడి తలుపు తట్టాలి. జీతం లేదు. కాదనడానికీ లేదు. సభలో పేరు పిలిస్తే లేచి నిలబడాల్సిందే. ఆ ఏడు సభ ఎప్పటిలాగే ఆరుగురు తోపిళ్ళను ఎన్నుకుని, ఏడో కర్ర ఒకటి కొత్తగా చేయించింది. అది ఫోన్లో ఉన్న ఊరి గ్రూపు కోసం.

గ్రూపులో నాలుగువందల పన్నెండు మంది ఉండేవాళ్ళు. సగం మంది కొండ మీద, సగం మంది ఉత్తరాన టమాటా పొలాల్లో, హోటళ్ళ వంటిళ్ళలో. చెత్తబండి ఎప్పుడొస్తుంది, ఎవరి పంది ఎవరి మొక్కజొన్న తొక్కింది, బడికి సున్నం ఎవరెయ్యాలి అన్న మాటలతో మొదలైన గ్రూపు, రెండేళ్ళు తిరిగేసరికి తిట్లపురాణం అయిపోయింది. ఫోన్లో అన్న మాటకు కార్నివాల్ రోజున చౌరస్తాలో కుర్చీలు లేచాయి. ఒకడికి చెవి తెగింది. అప్పుడు పెట్టారు సభ. ఆరు గంటలు నడిచింది.

ఊరిపెద్ద దోన్ సిరీలో అన్నీ విని ఆఖర్న లేచాడు. "మా రోజుల్లో ఒకణ్ణి తిట్టాలంటే వాడి గుమ్మం దాకా ఎక్కి వెళ్ళాలి. మన ఏటవాలుకి సగం కోపం చెమటైపోయేది. మిగతా సగం సంగతి వాడి కుక్క చూసుకునేది. ఇప్పుడు మంచం మీద పడుకుని తిట్టేస్తున్నారు. కాబట్టి మళ్ళీ ఆ ఎక్కుడు పెడదాం."

ఆ ఎక్కుడు ఇది. గ్రూపులో ఒకరి గురించి ఏమన్నా రాస్తే, ఆ ఒకరు గానీ తోపిల్ గానీ అడిగిన పక్షంలో, రాసినవాడు ఆదివారం సంతపూట పంచాయితీ వరండాలోకి రావాలి. కర్రకు ఒక కొస వాడు పట్టుకోవాలి, రెండో కొస ఎవరినైతే అన్నాడో ఆ మనిషి పట్టుకోవాలి. కళ్ళల్లోకి చూసి రాసిన మాటే మళ్ళీ నోటితో చెప్పాలి. చెప్పగలిగితే సభ విచారిస్తుంది. చెప్పలేకపోతే ఆ మాట అబద్ధమని లెక్క. అన్నవాడు మూడు ఆదివారాలు చౌరస్తా ఊడవాలి. ఈ కట్టుబాటు ఆ రోజు నుంచే. పాత మాటలకు వర్తించదు.

"ఏడో కర్ర నసారియాకి," అన్నాడు దోన్ సిరీలో. "ఏడాదిగా ఈ గ్రూపులో ఒక్క ముక్క రాయని మనిషి ఈవిడొక్కతే."

నసారియా లేచి నిలబడింది. రాయకపోవడానికి కారణం మంచితనం కాదని ఆమెకొక్కదానికే తెలుసు. ఎర్ర రిబ్బను కట్టిన ఆ కర్ర చేతికి రాగానే ఆమె చూపు జనం మీదుగా వెళ్ళి మూడో బల్ల మీద కూర్చున్న క్రెసెన్సియో దగ్గర ఆగింది. పిండిమర క్రెసెన్సియో. ఊళ్ళో అందరికీ చెంచో. అతను అందరితోపాటు చప్పట్లు కొడుతున్నాడు.

*

కిందటేడు ఎండాకాలంలో నసారియా భర్త దెల్ఫీనోకి నీళ్ళ బాధ్యత పడింది. ఊటనీళ్ళు ఒకరోజు పైవాడకు, ఒకరోజు కిందివాడకు వంతులవారీగా వదలాలి. తెల్లవారుజామునే తాళంచెవి పట్టుకుని వెళ్ళి ఒక వాల్వు మూసి, ఒకటి తెరవాలి. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఊరి బ్యాండులో తూబా, ఆ పెద్ద ఇత్తడి బాకా, ఊదిన మనిషి. ఊపిరి ఎంత కొలిచి వదిలేవాడో నీళ్ళూ అంతే కొలిచి వదిలేవాడు. అలాంటిది ఒకనాడు కిందివాడ వంతు రోజున పైవాడ వాల్వు తెరిచి ఉండగా ఎవరో ఫోటో తీసి గ్రూపులో పడేశారు. అదే వారంలో రోడ్డు పనికి వచ్చిన ట్యాంకరు బండి ఊరి మొదట్లో ఆగి ఉంది. రెండూ కలిపి చూడ్డానికి ఎవరికీ పెద్ద తెలివి అక్కర్లేకపోయింది.

కలిపి రాసింది చెంచో. అప్పుడతను ఊళ్ళో లేడు, ఉత్తరాన టమాటాలు కోస్తున్నాడు. రెండువేల కిలోమీటర్ల అవతల నుంచి రాశాడు. "ఒకపక్క మా అమ్మ మంచాన పడి గుక్కెడు నీళ్ళకి అల్లాడుతుంటే, ఇంకోపక్క తూబావాడు ఊరి నీళ్ళు ట్యాంకరుకి అమ్ముకుంటున్నాడు." దాని కింద నూటముప్ఫై మంది కోపం బొమ్మలు పెట్టారు. వాళ్ళలో నసారియా పెళ్ళినాడు ఆమెకు పూలు చుట్టినవాళ్ళు ఉన్నారు, దెల్ఫీనో తూబా లేకుండా తమ ఇంటి శవం కదలనివ్వనివాళ్ళు ఉన్నారు.

దెల్ఫీనో ఎవరితోనూ ఏమీ అనలేదు. ఏడాది ముగిసేదాకా వాల్వులు తిప్పి తాళంచెవి అప్పగించాడు. తూబాను గోడకు తగిలించి దాని నోటికి ఎరువుసంచి కట్టేశాడు. "తేనెటీగలు దూరుతున్నాయి," అన్నాడు భార్యతో. పొలానికి చౌరస్తా మీదుగా పోవడం మానేసి గుడి వెనక ముళ్ళదారిన పోయేవాడు. రోజూ అతని లాగు అంచుకు అంటుకుని వచ్చే ముళ్ళకాయలను నసారియా సాయంత్రం కూర్చుని ఒక్కొక్కటే పీకేది. పీకిన ప్రతిదానికీ ఒక పేరు పెట్టేది. అన్నిటికీ ఒకటే పేరు.

*

తోపిల్‌గా ఆమెను ఎవరూ వేలెత్తి చూపలేకపోయారు. గ్రూపులో మాట వేడెక్కగానే ఆమె రికార్డు చేసి పంపిన గొంతు వినిపించేది, ఆరు సెకన్లకు మించకుండా. "దర్జీగారూ, ఆదివారం దగ్గర్లోనే ఉంది. ఆ మాట పెత్రా మొహం మీద అనగలరా? ఆలోచించుకోండి." అయిదు నిమిషాల్లో ఆ మాట గ్రూపులోంచి మాయమయ్యేది. ఐసుపుల్లలు అమ్మే పెత్రా మాత్రం వెనక్కి తగ్గే రకం కాదు. మొదటి నెలలోనే వరండాకు వచ్చి కర్ర పట్టుకుని దర్జీ కళ్ళల్లోకి చూసి, "మీ పంది దొంగది, మీరు దానికి గురువు," అనేసింది. జనం విరగబడి నవ్వారు. దర్జీకీ నవ్వొచ్చింది. తగువు అక్కడితో తీరిపోయింది. ఆ తర్వాత ఊళ్ళో ఒక విషయం అందరికీ తెలిసొచ్చింది. మొహం మీద అనగలిగిన మాటలు చాలావరకు నవ్వులో కలిసిపోతాయి, అనలేనివే పుండ్లవుతాయి.

"వదినా, ఈ కర్రేదో ముందే ఉంటే మా ఆయన్ని పెళ్ళే చేసుకునేదాన్ని కాదు," అంది పెత్రా ఒకసారి. "పెళ్ళికి ముందు రాసిన ఉత్తరాల్లో ఎన్ని కోతలు కోశాడో."

"కర్ర పాతవాటికి పనిచెయ్యదు," అంది నసారియా.

పనిచెయ్యదు. అదే ఆమె ముల్లు. చెంచో రాసింది కర్రకు ముందటి మాట. దాన్ని వరండాకు ఈడ్చాలంటే అతనే మళ్ళీ అనాలి. తల్లి అంత్యక్రియలకు కూడా అందకుండా, అవి అయిన మర్నాడు ఊళ్ళో దిగి, అప్పటినుంచీ పిండిమర తిప్పుకుంటున్న చెంచో గ్రూపులో పిండి ధర, కరెంటు పోయే వేళలు తప్ప ఏమీ రాసేవాడు కాదు. ఏడు నెలలు ఆమె కాచుకుంది. రోజూ ఉదయం ఉడికించిన మొక్కజొన్న బకెట్టు పట్టుకుని అతని మర దగ్గర వరుసలో నిలబడేది. అతను ఆమె బకెట్టు అందుకుని, "అక్కా, సన్నగానా?" అనేవాడు. "సన్నగా," అనేది. ఏడు నెలల్లో వాళ్ళ మధ్య నడిచిన మాటలు అంతే.

నవంబరులో కొత్త నీళ్ళవాడి పేరు చూసే సమయం వచ్చింది. పేర్లు ఎత్తడం తోపిల్ పని కాదు, సభ పని. ఆ సంగతి నసారియాకు బాగా తెలుసు. తెలిసే, ఒక మంగళవారం మధ్యాహ్నం కాఫీ చల్లారిపోతుండగా గ్రూపులో రాసింది. "నీళ్ళ బాధ్యతకి ఈసారి మళ్ళీ దెల్ఫీనో అయితే బాగుంటుందని కొందరంటున్నారు. మీ మాట చెప్పండి."

ఎవరూ అనలేదు. అన్నది ఆమె ఒక్కతే. గొళ్ళెం తీసి కోడిపిల్లను బయటికి వదిలి, గద్ద కోసం ఆకాశం వైపు చూస్తున్నట్టు ఉంది ఆమె పని. ఆ కోడిపిల్ల తన మొగుడే అన్న ఆలోచన రాకపోలేదు. దాన్ని పక్కకు నెట్టేసింది.

నలభై నిమిషాలకు గద్ద దిగింది.

"దొంగ చేతికి మళ్ళీ తాళాలా?" అని రాశాడు చెంచో. "మా అమ్మ ఆఖరి రోజుల్లో గుక్కెడు నీళ్ళు లేక పోయింది. ఆ నీళ్ళు ఏ ట్యాంకరుకి పోయాయో తూబావాణ్ణి అడగండి."

నసారియా ఆ తెరను ఫోటో తీసి పెట్టుకుంది, చెరిపేస్తాడేమోనని. అతను చెరపలేదు.

*

శుక్రవారం ఉదయం వరుసంతా అయిపోయేదాకా ఆగి, ఆఖర్న మర దగ్గరికి వెళ్ళింది. ఒక చేతిలో బకెట్టు, ఒక చేతిలో కర్ర. పిండి పొడి పట్టి చెంచో కనుబొమలు ముసలివాడివిలా తెల్లగా ఉన్నాయి.

"చెంచో, ఆదివారం పదిగంటలకి వరండాకి రావాలి. నువ్వు రాసింది దెల్ఫీనో ముందు చెప్పాలి."

మర ఆపేస్తాడనీ, బతిమాలుతాడనీ, "ఏదో కోపంలో రాశాను అక్కా" అంటాడనీ ఏడు నెలలుగా ఊహించుకుంది. బతిమాలితే ఏమనాలో కూడా అనుకుని ఉంచింది.

చెంచో బట్టతో చేతులు తుడుచుకున్నాడు. "వస్తానక్కా. చెప్తాను. కర్ర లేకపోయినా చెప్పేవాణ్ణే. మీరు రోజూ బకెట్టు పట్టుకుని నా ముందు నిలబడుతుంటే, మీ మొహం చూసి నోరు కుట్టేసుకున్నాను. నాకు అన్నం పెట్టే చేతిలోంచి బకెట్టు అందుకుంటూ ఎట్లా అడగను? ఆదివారం ఆయన్నే అడుగుతాను. ఏడాదిన్నరగా ఇది గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను."

"చెప్పగలవా?"

"మీరు మా అమ్మని ఎరగరా? ఊళ్ళో ఆవిడ ఉతికిన దుప్పటి పక్కన మబ్బు కూడా మాసినట్టుండేది. అట్లాంటి మనిషి నీళ్ళు లేక పోయిందంటే ఎవరి ముందైనా చెప్పగలను. ఆ దేవుడి ముందు కూడా."

నసారియా తిరిగొచ్చే దారిలో రెండుసార్లు ఆగింది. బకెట్టు బరువు వల్ల కాదు. అతను అబద్ధమాడుతున్నాడని ఇన్నాళ్ళూ అనుకుంది. అబద్ధమాడేవాణ్ణి కర్ర ముందు నిలబెడితే కూలిపోతాడు. ఇతను నమ్ముతున్నాడు. నమ్మినవాడు నిలబడి చెప్పేస్తాడు, సంతంతా వింటుండగా, దెల్ఫీనో కళ్ళల్లోకి చూస్తూ. ఆ మాట మొగుడి చెవిలో రెండోసారి పడేలా చేస్తున్నది తనే.

*

దెల్ఫీనో అంతా విన్నాడు. బీన్సు గింజలు ఏరుతున్నాడు. రాళ్ళు ఒకవైపు, గింజలు ఒకవైపు.

"నా పేరు ఎవరన్నా ఎత్తారా, నువ్వే ఎత్తావా?" అన్నాడు.

ఆమె పళ్ళెంలోంచి ఒక రాయి తీసి పక్కన పెట్టింది.

"ఆదివారం నేను రాను."

"రాకపోతే నువ్వు ఒప్పుకున్నట్టే. అప్పుడు నువ్వు నిజంగానే దొంగవి. ఆ సంచి తూబాకి కాదు, నీ నోటికి కట్టుకో. ఆ వాల్వు ఎందుకు తెరిచావో నాకు కూడా చెప్పలేదు నువ్వు. నేను అడగలేదు. ముప్ఫై ఏళ్ళ కాపరం, అడగాల్సిన పని లేదనుకున్నాను. ఇప్పుడు అడుగుతున్నాను."

చాలాసేపు గింజలు ఏరాడు. పళ్ళెంలో రాళ్ళు అయిపోయాయి. అయినా ఏరుతున్నాడు.

"బసీలియా అడిగింది," అన్నాడు.

"చెంచో వాళ్ళమ్మా?"

"ఆఖరి రోజుల్లో ఆవిడకి ఒంట్లో ఏదీ నిలిచేది కాదు. కూతురు ఒతీలియా రోజుకి నాలుగుసార్లు దుప్పట్లు మార్చేది. వంతు నీళ్ళు ఎక్కడ సరిపోతాయి? ఒకరోజు అటుగా పోతుంటే పిలిచింది. లోపలికి రావద్దు, కిటికీ దగ్గర నిలబడు అంది. 'దెల్ఫీనో, నా బతుకంతా ఊరి మైల ఉతికాను. నా మైల ఊరికి తెలియకుండా పోనీ,' అంది. తెల్లారే ముందు అరగంట పైవాడ వాల్వు తెరిచేవాణ్ణి. పదకొండు రోజులు. పన్నెండో రోజు అక్కర్లేకపోయింది. ఒట్టు వేయించుకుంది, కొడుక్కి కూడా చెప్పనని. వాడు అంత దూరంలో ఉండి ఏం చెయ్యగలడు, కుమిలిపోతాడు అంది."

"ఒతీలియా చెప్పొచ్చుగా."

"అంత్యక్రియలవగానే ఒతీలియా పక్క ఊళ్ళో ఉన్న తన కూతురింటికి వెళ్ళిపోయింది. ఆవిడకి ఫోనూ లేదు, చదువూ రాదు. ఈ గొడవ ఆవిడ దాకా పోయి ఉండదు."

నసారియా ఒంట్లో రక్తం పొంగింది. అది బసీలియా మీద జాలితో కాదు. చేతికి చిక్కిన ఆయుధం పదును చూసి. నా తల్లి గుక్కెడు నీళ్ళకి అల్లాడింది అన్నాడు. ఆ తల్లికి నీళ్ళు పోసినవాణ్ణే దొంగ అన్నాడు. సంతలో, ఊరంతటి ముందు, ఈ ఒక్క ముక్క చాలు.

దెల్ఫీనో ఆమె మొహం చూశాడు. "నసారియా, జనంలో ఈ మాట అనవు. ప్రమాణం చెయ్యి."

"వాడు నిన్ను జనంలోనే అన్నాడు."

"ప్రమాణం చెయ్యి. అప్పుడే ఆదివారం వస్తాను. వాడేమన్నా పడతాను."

"సరే," అంది. "జనంలో అనను."

*

ఆదివారం మరకు అందరికంటే ఆఖర్న వెళ్ళింది. అప్పటికింకా ఎండ కొండ దిగలేదు. చెంచో ఉతికిన చొక్కా వేసుకుని ఉన్నాడు, వరండా కోసం. బకెట్టు అందుకుని, "సన్నగానా?" అన్నాడు అలవాటుగా.

"సన్నగా. చెంచో, మర తిరుగుతుండగానే విను. నేను ఒక్కసారే చెప్తాను."

చెప్పింది. గొంతు పెంచలేదు, ఒక్క తిట్టు కూడా కలపలేదు. కిటికీ, దుప్పట్లు, తెల్లవారక ముందు అరగంట, పదకొండు రోజులు. బసీలియా అన్న మాటను బసీలియా అన్నట్టే చెప్పింది. నమ్మకపోతే ఒతీలియాను అడగమంది. చెప్తున్నంతసేపూ అతని మొహం మీద నుంచి చూపు తిప్పలేదు. ఏడాదిన్నరగా చూడాలనుకున్నది అదే. పిండి అంటిన ఆ కనుబొమల కింద ముందు కోపం వచ్చింది, తర్వాత లెక్క వచ్చింది. ఏ తేదీ, ఏ ఫోటో, తను ఏ రోజున రాశాడు. లెక్క సరిపోయిన క్షణం ఆమెకు స్పష్టంగా కనిపించింది. నోరు కొద్దిగా తెరుచుకుని అలాగే ఉండిపోయింది.

"జనంలో చెప్పనని మా ఆయనకి మాటిచ్చాను," అంది. "చెప్పను. నువ్వు కర్ర పట్టుకుని ఏం చెప్పుకుంటావో చెప్పుకో."

మర తిరుగుతూనే ఉంది. చెంచో వంగి ఆమె పిండిని చేత్తో నలిపి చూశాడు. బరకగా ఉందనుకున్నాడేమో, మళ్ళీ మొత్తం మరలో పోసి రెండోసారి తిప్పాడు. ఎవరూ అడగలేదు. పిండి బకెట్టులోకి తీసి అందించాడు. ఆ రోజు రొట్టెలు పల్చటి గుడ్డలా వచ్చాయని ఆమెకు తర్వాత గుర్తొచ్చింది. అప్పుడు మాత్రం తన కోపం తప్ప ఏదీ చేతికి తగల్లేదు.

*

పదిగంటలకు వరండా కిక్కిరిసింది. ఉత్తరాన ఉన్నవాళ్ళ కోసం పెత్రా ఫోను ఎత్తి పట్టుకుంది. "ఇదిగో వస్తున్నారు, జరగండి, మా ఆయనకి కనపడట్లేదట."

దెల్ఫీనో ఏడాదిన్నర తర్వాత చౌరస్తాలో కాలు పెట్టాడు. గుడి వెనక నుంచి రాలేదు, నడిబజారులోంచే వచ్చాడు. నసారియా కర్ర మధ్యలో పట్టుకుని ఒక కొస భర్తకు, ఒక కొస చెంచోకు అందించింది. ఇద్దరూ పట్టుకున్నాక వదిలి వెనక్కి తగ్గింది.

"చెంచో, గ్రూపులో రాసిన మాట చెప్పు," అంది.

చెంచో దెల్ఫీనో కళ్ళల్లోకి చూశాడు. అది కట్టుబాటు, చూడాలి. ఎర్ర రిబ్బను గాలికి అతని మణికట్టును కొట్టుకుంటోంది.

"దొంగ..." అన్నాడు. ఆగాడు.

"గట్టిగా," అంది పెత్రా. "ఫోన్లో పడట్లేదు."

దోన్ సిరీలో నెమ్మదిగా, "తొందరేం లేదు బాబూ," అన్నాడు.

చెంచో పెదవులు కదిలాయి. అతను నిజం చెప్పేస్తే ఒక్క క్షణంలో తేలిపోతాడు. కాని ఆ నిజంలో తల్లి దుప్పట్లు ఉన్నాయి. అబద్ధం చెబితే ఎదురుగా దెల్ఫీనో ఉన్నాడు. ఎటు కదిలినా గోడే. ఆ గోడ కట్టింది నసారియా. ఆమె గుండె నిండా ఊపిరి పీల్చుకుంది. ఇంత హాయిగా ఊపిరాడి ఎన్నాళ్ళయిందో.

"చెప్పలేను," అన్నాడు చెంచో.

"అయ్యో రామచిలకా," అంది పెత్రా. "రెండువేల కిలోమీటర్ల నుంచి కూత బాగానే వినపడిందే."

జనం నవ్వారు. దోన్ సిరీలో చెయ్యెత్తాడు. "చెప్పలేకపోయాడు. అబద్ధమని లెక్క. దెల్ఫీనో మీద మచ్చ లేదు. మూడు ఆదివారాలు చౌరస్తా."

నలుగురు వచ్చి దెల్ఫీనో భుజం తట్టారు. బ్యాండు మేళగాడు అతని చెయ్యి పట్టుకుని ఊపాడు. దెల్ఫీనో మాత్రం చెంచో వంక చూసి, తర్వాత భార్య వంక చూశాడు. ఆ చూపుతోనే అంతా అర్థమైపోయిందని ఆమెకు తెలిసింది.

ఇంటికొచ్చాక అడిగాడు. "చెప్పావా?"

"జనంలో చెప్పలేదు."

అతను తలూపాడు. ఇక మాట్లాడలేదు. ఆ రోజూ, ఆ వారమూ, పై వారమూ. రోజూ పెట్టింది తిన్నాడు, కట్టెలు కొట్టాడు, ఆమె కాఫీలో చక్కెర వెయ్యడం మరిచిపోతే లేచి తనే వేసి తెచ్చిపెట్టాడు. మాట మాత్రం లేదు. తూబా నోటికి సంచి అలాగే ఉంది. పరువు తిరిగొచ్చిన రోజునే ఆ సంచి ఊడుతుందని ఆమె అనుకుంది.

*

ఊడవడం దగ్గరుండి చూడటం తోపిల్ పని. మూడు ఆదివారాలూ నసారియా కర్ర పట్టుకుని వరండా మెట్టు మీద కూర్చుంది. చెంచో పుల్లల చీపురుతో ఊడిచాడు, ఒక్క మూల వదలకుండా. పిల్లలు అరటితొక్కలు కావాలని పడేస్తే అవీ ఎత్తాడు. రెండో ఆదివారానికి ముందు అతను బస్సెక్కి ఒతీలియా దగ్గరికి వెళ్ళొచ్చాడని మర దగ్గర వరుసలో విన్నది. అడిగొచ్చాడన్నమాట. ఆ విన్నపూట కూడా ఆమెకు జాలి కలగలేదు. బాగా అయింది అనుకుంది.

మూడో ఆదివారం చౌరస్తా ఎండకు బూడిదలా లేస్తోంది. చీపురు పడ్డచోటల్లా దుమ్ము. చెంచో దగ్గుతున్నాడు. అప్పుడు దెల్ఫీనో వచ్చాడు. చేతిలో బకెట్టు. చెంచోకు పది అడుగుల ముందు నడుస్తూ, చేత్తో నీళ్ళు చల్లుకుంటూ పోయాడు. దుమ్ము అణిగింది. చెంచో తడి నేల మీద ఊడుస్తూ వెనకే వచ్చాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. ఒక్క మాట లేదు. చౌరస్తా నాలుగు వైపులా అలాగే తిరిగారు.

పని ముగించి చెంచో చీపురు గోడకు ఆనించి, జేబులోంచి ఫోను తీశాడు. నసారియా ఫోన్లో గ్రూపు మీద "క్రెసెన్సియో రాస్తున్నారు" అని కనిపించింది. పోయింది. మళ్ళీ వచ్చింది. అయిదారుసార్లు వచ్చి పోయాక మాట పడింది.

"మా అమ్మ నీళ్ళు లేక పోలేదు. ఆవిడకి నీళ్ళు అందాయి. అందించినవాణ్ణే నేను దొంగన్నాను. ఇంతకు మించి ఎవరూ అడగొద్దు."

అడగొద్దంటే గ్రూపు ఆగుతుందా? క్షణంలో ముప్ఫై మాటలు పడ్డాయి. "ఎవరు అందించారు?" "అంటే వంతు తప్పింది నిజమేనా?" "మీ అమ్మకి ఏమయింది అసలు?" "ఊరి నీళ్ళు మీ ఇంటికా?" ఉత్తరం నుంచి ఒకడు నవ్వు బొమ్మలు వరసగా పెట్టాడు. పెత్రా మామూలు కంటే పొడుగ్గా తన గొంతు రికార్డు చేసి పంపింది. ఎదురు గోడ దగ్గర చెంచో ఫోను చూసుకుంటూ నిలబడ్డాడు. ఒక్కో మాట పడినప్పుడల్లా అతని భుజం చిన్నగా కదులుతోంది.

గ్రూపు మూసే మీట నసారియా వేలి కింద ఉంది. ఒక్క ఒత్తుడు. ఆమె ఒత్తలేదు. కిందటేడు నూటముప్ఫై మంది దెల్ఫీనో మీద పడినప్పుడు ఎవరి వేలూ దేని మీదికీ రాలేదు. పడనీ, చూడనీ అనుకుంది. నూటముప్ఫై దాకా చూడనీ. లెక్కపెట్టింది కూడా. డెబ్బై దాటాక ఎవరో రాశారు. "బసీలియా మంచంలోనే అంతా చేసుకునేదట కదా, అందుకేనా అన్ని నీళ్ళు?"

చచ్చిపోయిన మనిషి దుప్పటి నడిబజారులో పరిచినట్టు ఉంది ఆ మాట. చెంచో ఫోను జేబులో పెట్టుకోబోయి పెట్టుకోలేక చేతిలోనే పట్టుకుని ఉండిపోయాడు.

నసారియా మీట ఒత్తింది. ఆ ఆఖరి మాటను చెరిపేసింది. తర్వాత గొంతు పంపింది, ఆరు సెకన్లు. "తోపిల్ చెప్తోంది. బసీలియా గురించి ఇక ఎవరు రాసినా వరండాలో కర్ర రెండో కొస నేను పట్టుకుంటాను. రండి." ఒక్కరూ రాలేదు. రాయడానికీ వీల్లేదు, గ్రూపు మూసి ఉంది.

*

ఇంటికెళ్ళేసరికి ఎరువుసంచి మడిచి బల్ల మీద ఉంది. దెల్ఫీనో తూబాను ఒళ్ళో పెట్టుకుని తుడుస్తున్నాడు. ఏడాదిన్నర దుమ్ము. ఆమె గుమ్మంలోనే ఆగింది.

"ఇటు రా. ఆ కొస పట్టుకో," అన్నాడు. మూడు వారాల్లో అదే మొదటి మాట.

ఆమె ఎదురుగా కూర్చుని తూబా వెడల్పాటి నోరు రెండు చేతులా పట్టుకుంది. ఆ చివర అతను పట్టుకున్నాడు. తుడవడం ఆపి ఆమె కళ్ళల్లోకి చూశాడు.

"ఇప్పుడు చెప్పు," అన్నాడు.

కర్ర పట్టుకున్నవాళ్ళు ఏం చెయ్యాలో ఆమె కంటే ఎవరికి బాగా తెలుసు? తప్పించుకోవచ్చు. నీ కోసమే చేశాననవచ్చు. అది సగం నిజం కూడా.

"నువ్వు దాచమన్నది వాడికి చెప్పాను," అంది. "నీ కోసం కాదు. వాడి మొహం మారడం నా కళ్ళతో చూడాలనిపించింది. చూశాను. బాగుంది. ఇవాళ గ్రూపులో వాణ్ణి పీక్కుతింటుంటే డెబ్బై మాటల దాకా ఆపలేదు. అదీ బాగుంది. ఆ తర్వాతిది బాగాలేదు. ఆపాను."

దెల్ఫీనో చాలాసేపు ఆమెను చూశాడు. అబద్ధమని లెక్కకట్టడానికి ఏమీ దొరకలేదు.

"గట్టిగా పట్టుకో, జారుతోంది," అని గుడ్డ తీసుకుని మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు.